ఆరు ప్రశ్నల కొలబద్ద: పొగాకు పరాధీనతను కొలుచు పద్ధతిపై ఒక విమర్శ

మన దేశమున దశాంశ పద్ధతి తూనికలు 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వము శేరు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క తీరుగా నుండెడిది. ఒక ఊరి శేరుతో కొలిచి తెచ్చిన గింజలను మరియొక ఊరి శేరుతో కొలిచినచో లెక్క తప్పెడిది. గింజలు తరుగలేదు, పెరుగలేదు. మారినది కొలపాత్ర మాత్రమే. ఈ సంగతి మన పెద్దలకు బాగుగా తెలియును. కనుకనే వారు "ఎన్ని శేర్లు?" అని అడుగుటకు ముందు "ఏ ఊరి శేరు?" అని అడిగెడివారు.

నేడు ఒక మనిషి పొగాకునకు ఎంతగా లోబడినాడో కొలుచుటకు వైద్యులు ఒక ప్రశ్నావళిని ఉపయోగించుచున్నారు. స్వీడను దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ పేరిట ఇది ప్రపంచమంతటను ప్రసిద్ధి చెందినది. దీనిని మార్కాపురము, గిద్దలూరు వంటి ప్రాంతములకు తెచ్చినపుడు మనము కూడ "ఏ ఊరి శేరు?" అని అడుగవలసియున్నది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కొలువవలసినది ఏమి?

పొగాకులోని నికోటిను అను క్షారపదార్థమును 1828లో హైడెల్‌బర్గులో పోసెల్ట్, రైమన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ఈ పదార్థము రక్తముద్వారా మెదడును చేరి, అచటి నాడీకణములపై నున్న గ్రాహకములను తాకి, కొంత హాయిని, కొంత చురుకుదనమును కలిగించును. నిత్యము అందుచున్నచో మెదడు దానికి అలవాటుపడి, అది లేనపుడు చిరాకు, అస్థిమితము, ఏకాగ్రతాలోపము, నిద్రలేమి మున్నగు బాధలను చూపును. మరల పొగాకు అందగానే ఆ బాధ ఉపశమించును. ఈ స్థితినే నికోటిను పరాధీనత యనవచ్చును.

1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక దీనిని "అలవాటు" అని మాత్రమే పేర్కొన్నది. 1988 నాటి నివేదిక దీనిని వ్యసనమని స్పష్టముగా ప్రకటించినది. అలవాటు అయినచో హితోక్తి చాలును. వ్యసనమైనచో చికిత్స కావలెను. ఎవరికి హితోక్తి చాలును, ఎవరికి మందు కావలెను అని తేల్చుటకు కొలత అవసరమైనది. కనుక కొలత తప్పినచో నష్టపోవునది పరిశోధకుడు కాదు, రోగి.

పరీక్ష స్వరూపము

ఫాగర్‌స్ట్రోమ్ 1978లో ప్రకటించిన మొదటి ప్రశ్నావళిలో ఎనిమిది ప్రశ్నలు గలవు. 1991లో హెథర్టన్, కొజ్లోవ్‌స్కీ, ఫ్రెకర్ అను పరిశోధకులతో కలిసి దానిని ఆరు ప్రశ్నలకు కుదించిరి. నేడు వాడుకలో నున్నది ఇదియే. ఆ ప్రశ్నల సారాంశమిది:

1. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు ముట్టింతురు? 5 నిమిషములలోపు అయినచో 3 మార్కులు, 6 నుండి 30 నిమిషములైన 2, 31 నుండి 60 అయిన 1, అటుపైన సున్న.
2. చర్చి, గ్రంథాలయము, సినిమాహాలు వంటి నిషిద్ధ స్థలములలో పొగ త్రాగక ఉండుట కష్టమా? అవునన్న 1.
3. ఏ సిగరెట్టును మానుట అన్నిటికంటె కష్టము? ఉదయపు మొదటిది అన్న 1.
4. రోజునకు ఎన్ని? 10 లేక అంతకు తక్కువైన సున్న, 11 నుండి 20 వరకు 1, 21 నుండి 30 వరకు 2, 31 లేక అంతకు మించినచో 3.
5. లేచిన తరువాతి గంటలలో, మిగిలిన రోజు కంటె, ఎక్కువ త్రాగుదురా? అవునన్న 1.
6. జబ్బుపడి రోజంతయు మంచము పట్టి యున్నను త్రాగుదురా? అవునన్న 1.

మొత్తము 10 మార్కులు. 0 నుండి 2 వరకు మిక్కిలి స్వల్పము, 3, 4 స్వల్పము, 5 మధ్యమము, 6, 7 అధికము, 8 నుండి 10 వరకు మిక్కిలి అధికము అని సాధారణముగా విభజింతురు.

గుణము ముందు, దోషము తరువాత

ఏ పరీక్షనైనను విమర్శించుటకు ముందు దాని మేలును గుర్తించుట న్యాయము. ఈ పరీక్షకు రక్తము అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. రెండు మూడు నిమిషములలో ముగియును. పల్లెలోని చిన్న ఆరోగ్యకేంద్రమున కూడ జరుపవచ్చును.

అంతకంటె ముఖ్యమైనది మొదటి ప్రశ్న. ఇది చూచుటకు సామాన్యముగా కనిపించినను, దీని వెనుక చక్కని శరీరధర్మము కలదు. రక్తములోని నికోటినులో సగము సుమారు రెండు గంటలలో నశించును. ఈ కాలమును అర్ధాయువు అందురు. రాత్రి తొమ్మిది గంటలకు ఒకని రక్తములో 32 పాళ్ళు నికోటిను ఉన్నదనుకొందము. పదకొండుకు 16, ఒంటిగంటకు 8, మూడింటికి 4, ఉదయము అయిదింటికి 2 పాళ్ళు మిగులును. అనగా ఎనిమిది గంటల నిద్రలో పదునారవ వంతు మాత్రమే నిలుచును. నిద్ర లేచు వేళకు మెదడు నికోటినుకై ఆకలిగొని యుండును. ఆ ఆకలి ఎంత తీవ్రమో చేయి అంత త్వరగా పొగాకు వైపు పోవును. పొగాకు మానినవారిలో ఎవరు మరల మొదలుపెట్టుదురో ముందుగా సూచించుటకు ఈ ఒక్క ప్రశ్నయే మిగిలిన ప్రశ్నలన్నిటికంటె బాగుగా పనిచేసినదని 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది.

కాని పరీక్ష మొత్తమును తీసికొన్నచో దాని లోపొందిక బలమైనది కాదు. ఒక పరీక్షలోని ప్రశ్నలన్నియు ఒకే విషయమును కొలుచుచున్నవా అని చూచుటకు గణకులు ఒక సంఖ్యను లెక్కింతురు. అది 1 కి ఎంత దగ్గరగా నున్న అంత మంచిది, సాధారణముగా 0.7 ఉండవలెనని కోరుదురు. ఈ ఆరు ప్రశ్నలకు 1991లో వారు కనుగొన్నది 0.61. సిగరెట్టు త్రాగు పాశ్చాత్యులలోనే ఇట్లున్నచో, సిగరెట్టు కాక మరి నాలుగు రకముల పొగాకు వాడుచోట దాని గతి ఏమి?

పడమటి ప్రకాశమున పొగాకు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు వానిని అందులో చేర్చిరి. 1972లో దానికి ప్రకాశము జిల్లా అని పేరిడిరి. నల్లమల అడవికి తూర్పున నున్న ఈ మెట్టప్రాంతము పలకలకు ప్రసిద్ధి. తరతరములుగా మన పిల్లలు అక్షరములు దిద్దిన పలకలు మార్కాపురము గనులనుండి వచ్చినవే.

దీనికి తూర్పున కనిగిరి, పొదిలి, కొండపి, టంగుటూరు, ఒంగోలు వేలము కేంద్రములలో అమ్ముడగు వర్జీనియా పొగాకు బ్యారన్లలో వేడిగాలికి ఎండినది, సిగరెట్టునకై పుట్టినది. కాని కూలి చేసికొను మనిషి వాడునది అంతయు సిగరెట్టు కాదు. బీడీ, చుట్ట, ఖైనీ, జర్దా కిళ్ళీ, నశ్యము – ఇవన్నియు ఒకే కిళ్ళీబడ్డీలో దొరకుచుండును. 2016–17లో జరిగిన అఖిలభారత వయోజన పొగాకు సర్వే ప్రకారము దేశమున 28.6 శాతము పెద్దలు పొగాకు వాడుచుండిరి. పొగలేని పొగాకు వాడువారు 21.4 శాతము కాగా, పొగ త్రాగువారు 10.7 శాతము మాత్రమే. పొగ త్రాగువారిలోను బీడీ త్రాగువారు 7.7 శాతము, సిగరెట్టు త్రాగువారు 4 శాతము. అనగా ఈ కొలబద్ద ఏ వస్తువునకై తయారైనదో ఆ వస్తువు మన దేశమున అల్పసంఖ్యాకుల వాడుక.

ఇక ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

"రోజునకు ఎన్ని?" అను నాల్గవ ప్రశ్నకు 10, 20, 30 అను మెట్లు ఇరువది సిగరెట్ల పెట్టె వాడుకలో నున్న దేశములకు తగియున్నవి. మన దేశమున నిత్యము సిగరెట్టు త్రాగువాడు సగటున సుమారు 7, బీడీ త్రాగువాడు సుమారు 15 కాల్చునని పైసర్వేయే చెప్పుచున్నది. కనుక మన సగటు సిగరెట్టు పురుషునకు ఈ ప్రశ్నలో వచ్చునది సున్న. అతడు తక్కువ కాల్చుట పరాధీనత తక్కువగుటచేతనా, జేబులో డబ్బు తక్కువగుటచేతనా అని పరీక్షకు తెలియదు. విడిగా ఒకటి కొని, సగము కాల్చి, ఆర్పి, చెవిపై నుంచుకొని, సాయంకాలము మరల ముట్టించినవాని లెక్క ఒకటియా, రెండా?

బీడీ విషయము వేరు. అందు పొగాకు తక్కువ. కాని అమెరికాలో అమ్ముడగు భారతీయ బీడీలను పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితముల ప్రకారము వాని పొగాకులో గ్రాముకు సుమారు 21 మిల్లీగ్రాముల నికోటిను ఉండగా, ఫిల్టరు సిగరెట్ల పొగాకులో సుమారు 16 మాత్రమే కలదు. తునికాకు సరిగా మండదు. ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. ఒక బీడీని ఒక సిగరెట్టుతో సమానముగా లెక్కించుట ఏ న్యాయము?

చుట్ట సంగతి మరింత విచిత్రము. బ్యారనులో వేడితో ఎండిన పొగాకులో చక్కెరలు నిలిచియుండును. దాని పొగ ఆమ్లస్వభావము గలది. ఆమ్లములో నికోటిను నోటి పొర గుండ సులభముగా పోదు. పొగను ఊపిరితిత్తులలోనికి పీల్చవలెను. గాలికి ఎండిన చుట్టపొగాకు పొగ క్షారస్వభావము గలది. అందలి నికోటిను నోటిలోనే రక్తములోనికి ఇంకిపోవును. "నేను పొగ మ్రింగను, ఊరక చప్పరింతును" అను ముసలివాని మాట నిజమే కావచ్చును; అయినను అతని రక్తమునకు నికోటిను అందుచునే యుండును. ఇక చుట్టలను లెక్కించినంత మాత్రమున ఏమి తెలియును? ఒక చుట్ట ఇంకొక చుట్టవలె నుండదు.

ఖైనీలో సున్నము పని ఇటువంటిదే. నికోటిను సహజముగా బలహీన క్షారము. మాధ్యమము యొక్క పి.హెచ్. విలువ సుమారు 8 అయినపుడు అందులో సగము పొరలను దాటగల స్వేచ్ఛారూపమున నుండును. సున్నము చేర్చినకొలది ఈ భాగము పెరుగును. అదే పొగాకు, అదే తూకము. సున్నము మోతాదు మారినచో శరీరమునకు అందు నికోటిను మారును. కాని సున్నమును గురించి ఏ ప్రశ్నయు లేదు. నమలు పొగాకునకై 2006లో అమెరికాలో ఈ పరీక్షను సవరించిరి. అందు వారమునకు ఎన్ని డబ్బాలు, రసమును కావలెనని మ్రింగుదురా అని అడుగుదురు. మన ఖైనీవాడు డబ్బా కొనడు. చిన్న పొట్లము కొని నలుగురితో పంచుకొనును.

నిషిద్ధ స్థలమును గురించిన రెండవ ప్రశ్న బహిరంగ స్థలములలో ధూమపానము నిషిద్ధమైన (2008 అక్టోబరు 2) తరువాత మన దేశమున అర్థవంతమే. కాని పెదవి చాటున పొగాకు నొక్కియుంచుకొన్నవానికి గుడియు, బడియు, బస్సు అన్నియు ఒక్కటియే. అతనికి ఎచటను కష్టములేదు. కనుక మార్కు సున్న.

చివరకు మేలైన మొదటి ప్రశ్న సైతము ఆచారమునకు లోబడును. చుట్ట కాల్చనిదే కాలకృత్యము జరుగదని నమ్మి లేచినవెంటనే ముట్టించువాడు కలడు. స్నానము, పూజ కాకుండ ముట్టనివాడును కలడు. అత్తమామలు పొలము పోవువరకు ఆగు కోడలును కలదు. రాత్రి పొగాకు దవడను పెట్టుకొనియే నిద్రించువానికి ఇంతకుముందు మనము వేసిన అర్ధాయువు లెక్కయే వర్తింపదు.

ఒక ఉదాహరణము

ఈ దోషములన్నియు కలిసినపుడు ఏమగునో చూచుటకు ఒక పలకల కార్మికుని ఊహింతము. అతడు తెల్లవారుజామున లేచును. నలువది నిమిషముల తరువాత టీ అంగడివద్ద మొదటి బీడీ ముట్టించును: 1 మార్కు. ఆరుబయట పని కనుక నిషేధపు బాధ లేదు: 0. మానరానిది భోజనము తరువాతి బీడీ: 0. రోజునకు తొమ్మిది: 0. ఉదయమున ఎక్కువ కాదు: 0. జ్వరము వచ్చిన బీడీ రుచింపదు: 0. మొత్తము 1. "మిక్కిలి స్వల్పము. మందు అక్కరలేదు, మనసు గట్టిచేసికొని మానుము" అని చెప్పి పంపుదురు.

కాని లేచినది మొదలు పండుకొనువరకు అతని క్రింది పెదవిలో ఖైనీ ఉన్నది. దానిని ఎవరును అడుగలేదు. అతడు బీడీ మానును, ఖైనీ రెట్టింపగును. లేదా రెండును మాని, మూడవనాటికి చేతులు వణకి, చిరాకుతో ఇంట కలహమాడి, మరల బీడీ ముట్టించును. "ఇంత చిన్న అలవాటును మానలేని పిరికివాడను" అని తనను తానే నిందించుకొనును. నిందింపవలసినది అతనిని కాదు, కొలపాత్రను. రాతి ధూళిలో పనిచేయు ఊపిరితిత్తులకు పొగ తోడగుట ఎంత కీడో చెప్పనక్కరలేదు. అట్టివానినే పరీక్ష విడిచిపెట్టినది.

ప్రయోగశాల తీర్పు

"ప్రశ్నలు మోసగించినచో రసాయనిక పరీక్ష చేయరాదా?" అని విద్యార్థి అడుగవచ్చును. చేయవచ్చును. నికోటిను శరీరములో కోటినిను అను పదార్థముగా మారును. దీని అర్ధాయువు సుమారు 16 గంటలు. కనుక లాలాజలములో, మూత్రములో దీనిని కొలిచి ఇటీవల ఎంత నికోటిను అందినదో చెప్పవచ్చును. ఇది బీడీకి, ఖైనీకి భేదము చూపదు. అది దీని గొప్ప. ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడును కొలుచు యంత్రమైతే ఖైనీవానిని పట్టుకొనలేదు. కాలనిచోట ఆ వాయువు పుట్టదు.

అయినను కోటినిను కూడ దోషరహితము కాదు. కాలేయములోని ఒక ఎంజైము కొందరిలో వేగముగా, కొందరిలో నెమ్మదిగా పనిచేయును. సమానముగా వాడిన ఇద్దరికి ఫలితములు వేరుగా రావచ్చును. మన జిల్లాకు తగిన మరియొక చిక్కు కలదు. పొగాకు తోటలో తడి ఆకులను కోయు కూలీల చర్మముద్వారా నికోటిను లోనికి పోవును. వాంతులు, తలత్రిప్పుట కలుగు "పచ్చి పొగాకు జబ్బు" దీనివలననే. ఎన్నడును పొగ త్రాగని స్త్రీ ఆకు కోసి వచ్చిననాడు పరీక్షించినచో ఆమె లాలాజలములో కోటినిను కనిపింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, అందిన మోతాదు వేరు, పరాధీనత వేరు. కుండలో ఎంత నీరు ఉన్నదో తెలిసినంత మాత్రమున త్రాగువాని దాహము తెలియదు.

దాహము కూడ ఒకటే రకము కాదు. అయ్యప్పమాల వేసికొని నలుబదియొక్క దినములు పొగాకు ముట్టనివారిని మనమందరము ఎరుగుదుము. నికోటిను మానిన బాధ మొదటివారమున తీవ్రముగా నుండి, సాధారణముగా రెండు నుండి నాలుగు వారములలో తగ్గును. మాల తీయునాటికి ఆ శరీరబాధ చాలవరకు గడచిపోయి యుండవలెను. అయినను కొందరు మాలతీసిన దినముననే మరల ముట్టింతురు. అపుడు వారిని లాగినది రక్తములోని వెలితి కాదు. స్నేహితుడు, టీ అంగడి, భోజనానంతరపు తీరిక. ఒక్క సంఖ్య ఈ రెండు బంధములను ఎట్లు కొలువగలదు? ఫాగర్‌స్ట్రోమ్ తానే 2012లో తన పరీక్షకు "నికోటిను పరాధీనత" అను పేరు తగదనియు, "సిగరెట్టు పరాధీనత" పరీక్ష యనుట యుక్తమనియు ప్రతిపాదించెను. తన కొలపాత్రపై ఊరి పేరు వ్రాసికొనిన ఆ శాస్త్రజ్ఞుని నిజాయితీని మెచ్చుకొనవలెను. ఆ పేరును చదువక వాడువారిది తప్పు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ పరీక్షను ఉన్నత పాఠశాలలలో వాడుట మరింత ప్రమాదకరము. వారమునకు రెండుసార్లు చాటుగా కాల్చు పదునాలుగేండ్ల బాలునకు ఆరు ప్రశ్నలలోను సున్నయే రావచ్చును. కాని నిత్యము కాల్చుటకు ముందే కొందరు పిల్లలలో తహతహ, మానలేకపోవుట వంటి లక్షణములు మొదలగునని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జరిగిన పరిశోధనలు చూపినవి. వానినిబట్టి 2002లో పిల్లలకై వేరుగా పది ప్రశ్నల పట్టిక వెలువడినది. అందు ఒక్కదానికి "అవును" అన్నను స్వాధీనము జారుట మొదలైనదని గ్రహింతురు. వేరొకమాట: దండించుటకై అడిగిన ప్రశ్నకు పిల్లవాడు నిజము చెప్పడు. పరీక్ష పేరిట శిక్షకు పూనుకొన్నచో కొలతయు పోవును, పిల్లవాడును పోవును.

ఏమి చేయవలెను?

కొలబద్దను పారవేయుట పరిష్కారము కాదు. గీతలు మరల గీయవలెను. మన ప్రాంతమునకై ప్రశ్నావళి వ్రాయువారు మొదట "ఏ ఏ పొగాకు వాడుదురు?" అని అన్నిటిని వేరువేరుగా అడుగవలెను. మొదటి ప్రశ్నను నిలుపుకొని, "లేచిన తరువాత ఏ పొగాకైనను" అని విస్తరింపవలెను, గడియారము చూడనివానిని "ముఖము కడుగుటకు ముందా, తరువాతనా, టీ త్రాగిన తరువాతనా?" అని అడుగవలెను. సున్నము, రాత్రి నోట పొగాకుతో నిద్రించుట, దీక్షలోగాని ఉపవాసములోగాని మానినపుడు కలిగిన బాధ, మరల మొదలుపెట్టిన కారణము – వీనికి చోటుండవలెను. తరువాత మూడు పరీక్షలకు నిలుపవలెను. రెండు వారముల పిమ్మట అడిగినను అదే సమాధానము వచ్చుచున్నదా? కోటినినుతో కొంతవరకైనను సరిపోవుచున్నదా? మానదలచినవారిలో ఎవరు మరల జారుదురో చెప్పగలుగుచున్నదా? ఈ మూడవదియే అసలు పరీక్ష.

దీని స్వభావమును తరగతిలో తెలుపదలచిన ఉపాధ్యాయులు పొగాకు జోలికి పోనక్కరలేదు. టీ అలవాటుపై ఆరు ప్రశ్నలు పిల్లలచేతనే వ్రాయించి, ఇంటి పెద్దలను అడిగించి, రెండు వారములకు మరల అడిగించుడు. గ్లాసుల పరిమాణము ఇంటింటికి మారుట చూచి, "రోజునకు ఎన్ని?" అను ప్రశ్న ఎంత జారుడుదో వారే కనుగొందురు. అర్ధాయువు లెక్కను పలకపై గీతలుగా గీయించుడు.

మానదలచినవారు మార్కులకై వేచియుండనక్కరలేదు. 2016లో ప్రారంభమైన జాతీయ పొగాకు విముక్తి టెలిఫోను సేవకు 1800-11-2356 అను సంఖ్యపై ఖర్చులేకుండ మాటలాడవచ్చును. నికోటిను బంక వంటి చికిత్సలు 2022లో మన జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో చేరినవి. అడిగినవాడు ఏమి వాడుచున్నాడో పూర్తిగా విని, తరువాత మోతాదు నిర్ణయించు వైద్యుడే కావలెను. ఒకటి మార్కు వచ్చినవాడు మానలేకపోయినచో అతని మనోబలమును శంకించుటకు ముందు మన శేరును ఒకసారి తిప్పి చూచుట మంచిది.